కాల్విన్ వాళ్ళ అమ్మమ్మ

“అమ్మమ్మ ఎవరో తేలితే గాని బంతి బుట్టలో పడదా?” అంది సూర్యకుమారి, బల్లకి అవతల కూర్చున్న ముగ్గురినీ కలిపి చూస్తూ.

పాయా లేబర్‌లోని బాస్కెట్‌బాల్ లీగ్ ఆఫీసులో ఏసీ వణికించేస్తున్నా ఆవిడ మొహం మాత్రం కందగడ్డలా ఉంది. పక్కన కాల్విన్ బ్రూక్స్ తన పొడుగాటి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ముడుచుకుని కూర్చున్నాడు. రెండేళ్ళుగా ఆవిడ ఫ్లాట్‌లో వెనక గదిలో అద్దెకుంటున్నాడు. విచారణకి ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు అన్నప్పుడు, ఈ ఊళ్ళో అతనికి ఆవిడ తప్ప ఎవరూ తట్టలేదు.

“ఆంటీ, రూల్ ఈజ్ రూల్ లా,” అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్దమనిషి, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర ‘లా’ తగిలిస్తూ. “టీముకి ఇద్దరే విదేశీయులు ఉండాలి. ఈ చుట్టుపక్కల దేశాల రక్తం ఉన్నవాళ్ళని విదేశీయుల కింద లెక్కపెట్టం. తన అమ్మమ్మ ఫిలిప్పీన్స్ మనిషని ఇతను అన్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ ఆడనిచ్చాం. ఇప్పుడు అవతలి టీము కాదంటోంది. నిరూపించుకోమంటున్నాం, అంతే.”

“ఆవిడ పుట్టిన ఊళ్ళో చర్చి, పుట్టుకలు రాసిన పుస్తకాలతో సహా యుద్ధంలో తగలబడిపోయింది. ఆవిడా పోయింది. సమాధిలోంచి లేపుకు రమ్మంటారా?”

“మేడమ్, కోపం వద్దు.”

“కోపం కాక ఏమొస్తుందండీ? హాకర్ సెంటర్లో నా ఎదుటి కుర్చీలో కూర్చున్నవాణ్ణి నీ పుట్టుక ఎక్కడని అడిగి అన్నం తింటున్నానా నేను? ఆట చూడండి, చెమట చూడండి. మనిషి వెనకాల తవ్వి చూడటానికి మీరెవరు?”

కాల్విన్ మెల్లగా ఆవిడ మోచేతి మీద చెయ్యి వేశాడు. ఆవిడ విదిలించుకుంది.

అతని కథంతా ఆవిడకి తెలుసు. సాయంత్రాలు మోకాలి మీద ఐసు పెట్టుకుని, సాంబారన్నం తింటూ అతనే చెప్పాడు. కాలిఫోర్నియాలో చిన్నప్పుడు, అమ్మనీ అమ్మమ్మనీ చూసి, ఆసియావాడివి నీకెందుకీ ఆట అన్నారట. పట్టుదలకి పోయి కాలేజీ టీములో పేరు తెచ్చుకుంటే, పెద్ద టీములేవీ తొంగి చూడలేదు. అమ్మమ్మ దేశం కదా అని ఆశతో మనీలా వెళితే, పోలికలన్నీ తండ్రివే కావడంతో, అమెరికావాడు దొంగతనంగా దూరాడని గ్యాలరీలోంచి అరిచారు. రెండు సీజన్లు ఒళ్ళు హూనం చేసుకుని ఆడాక, అనుమానం వచ్చిందని ఆ టీము వదిలేసింది. తర్వాత జకార్తాలోనూ ఇదే ప్రశ్న. ఇప్పుడు ముప్ఫై ఒకటో ఏడు. మోకాలు ఇంకెన్నాళ్ళో మొయ్యదు. ఈ సీజన్ చేజారితే ఇక ఏ టీమూ పిలవదు.

ముగ్గురూ లోపలి గదిలోకి వెళ్ళి వచ్చారు.

“సారీ. రుజువు చూపించేదాకా ఆడటానికి వీల్లేదు.”

సూర్యకుమారి నోరు తెరిచేలోగా కాల్విన్ లేచి నిలబడ్డాడు.

“వద్దు ఆంటీ. మూడు దేశాల్లో చెప్పుకున్నాను. ఇంక చెప్పను. మా దేశం వెళ్ళిపోయి స్కూలు పిల్లలకి ఆట నేర్పుకుంటాను. వాళ్ళకి అమ్మమ్మలతో పని లేదు.”

ఇంటికొచ్చాక కూడా ఆవిడ కోపం చల్లారలేదు. వంటింట్లో గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వెనక గదిలోంచి కాల్విన్ పెట్టెలకి టేపు అంటిస్తున్న చప్పుడు వచ్చినప్పుడల్లా గిన్నెల మోత ఇంకాస్త పెరుగుతోంది.

“ఆఫీసులో గొడవ చేశావట. మనల్ని కూడా ఈ దేశం నుంచి పంపించేస్తారేమో చూడు,” అన్నాడు హాల్లోంచి ఆవిడ భర్త సీతారామారావు.

“పంపనివ్వండి! ఒక మనిషి బతుకు కళ్ళెదురుగా నేలపాలు చేస్తుంటే నోరు మూసుకు కూర్చోవాలా? నెత్తురు కొలిచే పీనుగులు!”

“తగ్గవే బాబూ. పక్క ఫ్లాటు వాళ్ళు వింటారు.”

“విననివ్వండి. వాళ్ళకీ తెలియాలి.”

అప్పుడే వన్-నార్త్‌లోని ఆఫీసు నుంచి వచ్చిన కూతురు మహతి, బ్యాగు భుజం మీదనుంచి తియ్యకుండానే వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల కోసం ఎగబడుతున్న రోజులు. ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల అక్కడ రెండో ఉద్యోగంలో ఉంది.

“అమ్మా, యూ సో ఫియర్స్ లా,” అంది నవ్వుతూ. అంతలోనే నవ్వు ఆపేసింది. “నిజంగా అమ్మా, నువ్వు ఇలా మాట్లాడతావని నాకు తెలియదు.”

“ఇందులో తెలియకపోవడానికేముందే? న్యాయం న్యాయమే కదా.”

మహతి లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“ఒకటి చెప్పాలి నీకు. నాలుగు నెలలనుంచి నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఇవాళ నిన్ను చూశాక ధైర్యం వచ్చింది.”

“ఏమిటే? చెప్పు.”

“మా ఆఫీసులో ఉపేంద్ర అని... మేమిద్దరం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం.”

సూర్యకుమారి స్టవ్ ఆపేసింది.

“తెలుగువాడే అమ్మా. నర్సీపట్నం. చాలా మంచివాడు. నాకంటే బాగా పని చేస్తాడు. వంట కూడా వచ్చు.”

“వంట కూడా వచ్చా!” ఆవిడ మొహంలో పొద్దుటినుంచీ లేని నవ్వు వచ్చింది. “పిచ్చిమొహమా, ఇంతమాత్రం చెప్పడానికి నాలుగు నెలలు భయపడ్డావా? నేనేమైనా ఆ బల్ల వెనక కూర్చున్న మనిషిననుకున్నావా?”

మహతి ఒక్క ఊపున తల్లిని కౌగిలించుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. సూర్యకుమారి కూతురి తల నిమిరింది. చెంపలు తుడిచింది. తర్వాత హాలు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

“మనవాళ్ళేనా?”