వెక్కిరింత

"నేనే కొట్టిన" అంది గోదావరి, బడి సంచి గడపలోనే పడేసి.

చాటలో బియ్యం చెరుగుతున్న రుక్మాబాయి చెయ్యి ఆగింది. "ఎవర్నే?"

"సీతమ్మను. గా ఆంధ్రోల్ల పిల్లను. నేనెట్ల మాట్లాడ్తనో అట్లనే మాట్లాడి ఎక్కిరించింది. అందరు నవ్విండ్రు. చెంప మీద ఒక్కటిచ్చిన."

రుక్మాబాయికీ కోపం వచ్చింది. అయితే అది కూతురి మీద కాదు. ఆ సంగతి తనకు తెలుసు. చాట పక్కన పెట్టి లేచింది.

"నడువ్. తప్పైందని చెప్పి వద్దం."

"నేనెందుకు చెప్పాలె?"

"చెయ్యి లేపింది నువ్వు గద."

ఎడపల్లి కాలువ గట్టు మీద ఇద్దరూ నడిచారు. బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లకు దారిస్తూ తల్లి చెప్పింది: "ఆ పిల్ల పుట్టినకాడి మాట గది. నువ్వు పుట్టినకాడి మాట గిది. ఏదీ తక్కువ గాదు బిడ్డా. ఒకలు నవ్విండ్రని అందర్ని ఒక్క గాటన కట్టొద్దు."

"ఆంధ్రోల్లందరు గంతేనని మొన్న బాపుతోని నువ్వే అన్నవ్ గద?"

రుక్మాబాయి ఆగిపోయింది. పిల్ల వినడం లేదనుకుని అన్న మాట అది. బుకాయించొచ్చు. కానీ నోరు రాలేదు.

"అన్న. తప్పే అన్న. అంగట్ల ఒకామె నా మాటకు నవ్వింది. గామె మీది కోపం అందరికి అంటగట్టిన. నువ్వట్ల చెయ్యకు."

గోదావరి నాలుగడుగులు వేశాక తల్లి వేలు పట్టుకుంది.

సీతమ్మ వాళ్ల పెంకుటిల్లు చేరేసరికి ఆ పిల్ల తల్లి హనుమాయమ్మ వాకిట్లోనే ఉంది.

"అక్కా, మా పిల్ల మీ పిల్లను కొట్టిందట. తప్పైంది" అంది రుక్మాబాయి. "గని, మీ పిల్ల గూడ దీని మాటను ఎక్కిరించిందట."

హనుమాయమ్మ తెల్లబోయింది. "వెక్కిరించిందా! ఏమే సీతమ్మా, ఇలా రా."

తలుపు చాటు నుంచి సీతమ్మ వచ్చింది. చెంప ఇంకా ఎర్రగానే ఉంది. తల్లి వైపు చూడలేదు. గోదావరినే చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది:

"నేను ఎక్కిరియ్యలే గోదావరీ. నీ లెక్క మాట్లాడితే... నన్ను గూడ మీ ఆటల కలుపుకుంటరని నేర్సుకుంటున్న."