ఎర్రలైటు మీద గుడ్డముక్క

“కట్” అనడానికి కూడా ఓపిక లేక ఆమె చేత్తోనే సైగ చేసింది. తొమ్మిదో టేకూ మట్టిగొట్టుకుపోయింది.

చెప్పాల్సింది ముచ్చటగా మూడే మాటలు. కథలో ముసలి దర్జీ తన కొట్టు ఖాళీ చేస్తూ, గుడ్డలు కత్తిరించే బల్లను ఒకసారి తడిమి, కుట్టుమిషనుతో “ఇక వెళ్దాం పద” అనాలి. అంతే, సినిమా పూర్తి. దర్జీగా నటిస్తున్నది ఆమె నాన్న, నిజంగా దర్జీయే. కొట్టు కూడా ఆయనదే, నిజంగానే ఈ రోజు ఖాళీ చేయాల్సిందే. ఎనిమిది ఆదివారాలుగా ప్రతి సీనూ ఒక్క టేకులో కానిచ్చేసిన మనిషి, ఈ రోజు మాత్రం ఒకసారి మాట మింగేశాడు, ఒకసారి తుమ్మాడు, ఒకసారి బడిలో పాఠం అప్పజెప్పినట్టు గడగడా చదివేశాడు. ఇప్పుడేమో మిషనును వదిలేసి గోడ గడియారాన్ని పిలిచాడు.

“మిషను వైపు చూడమన్నాను కదా నాన్నా.”

“చూశాననే అనుకున్నానమ్మా,” అన్నాడాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. “ఇంకోసారి తీద్దాం.”

గుమ్మం బయట మేస్త్రి, వెనకే గునపాలతో నలుగురు కూలీలు. ఆ వరుసలో మిగతా కొట్లన్నీ అప్పటికే నేలమట్టమయ్యాయి. సినిమా అంటే మేస్త్రికీ మోజే. మీ షాటు అయ్యేదాకా ఈ గోడ మీద దెబ్బ వేయనని పొద్దున అందరి ముందూ మాటిచ్చాడు. ఇప్పుడా మాట ఆయన మెడకే చుట్టుకుంది. యజమాని రెండుసార్లు ఫోను చేశాడని, ఇక తన వల్ల కాదని గుమ్మంలోంచే గొణిగాడు.

ఆమె అసలు దర్శకురాలేమీ కాదు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మనిషి. సినిమా గురించి నీకు తెలిసిందల్లా “కదలకండి” అనడమేనని మొగుడు ఆటపట్టిస్తుంటాడు. ఆ మొగుడే కెమెరామన్. అతనికి తెలిసింది ఒకే ఒక్క మీట. ఒకసారి నొక్కితే మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. అడిగి తెచ్చుకున్న పాత కెమెరా అది. వెనకున్న తెరలో రికార్డింగు గుర్తు వెలిగే మూల నల్లబడిపోయి ఏమీ కనిపించదు. కెమెరా నడుస్తున్నప్పుడు ముందు వెలిగే ఎర్రలైటును చూస్తే నోట మాట రావడం లేదని పొద్దున్నే మామగారు ఫిర్యాదు చేస్తే, అల్లుడు నల్లటి లైనింగు గుడ్డముక్క తెచ్చి దాని మీద అంటించాడు. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఈ సీను లేకపోతే సినిమాకు ముగింపు లేదు. సాయంత్రానికి ఈ కొట్టే ఉండదు. ఇలాంటి కొట్టును మళ్ళీ కట్టించి తీసే తాహతు ఆమెకు ఏడు జన్మలెత్తినా రాదు. ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని బయటికి వెళ్ళి మేస్త్రిని బతిమాలింది. ఆసుపత్రికి ఎప్పుడొచ్చినా వరుసలో నిలబడక్కర్లేదని కూడా ఆశపెట్టింది. మేస్త్రి తల గోక్కుని, ఇంకో మూడు టేకులని, అంతకుమించి దేవుడు దిగొచ్చినా ఆగనని తేల్చేశాడు.

ఆ మూడూ అయిపోయాయి. పదో టేకులో నాన్న దగ్గాడు. పదకొండులో “పద వెళ్దాం ఇక” అన్నాడు. పన్నెండులో అసలు ఏమీ అనకుండా కెమెరా వైపు చూసి నవ్వాడు.

కోపంతో ఆమెకు ఒళ్ళు తెలియలేదు.

“నీ వల్లే నా సినిమా పోయింది నాన్నా. మూడు మాటలు. మూడే మూడు మాటలు చెప్పలేకపోయావు.”

ఆయన తలవంచుకున్నాడు. మామయ్యగారూ, మీరు ఇవతలికి రండి అంటూ అల్లుడు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కూలీలు లోపలికొచ్చి ముందు బల్లను, ఆ తర్వాత మిషనును రోడ్డు మీద పెట్టారు. మొదటి గునపం దెబ్బకు ముప్పై ఏళ్ళ సుద్దపొడి గదంతా లేచింది.

ఇంటికి రాగానే ఆమె కంప్యూటరు ముందు కూలబడింది. పన్నెండింటిలో ఏదో ఒకటి అతికించుకోవచ్చేమోనన్న ఆశ ఒక్కటే మిగిలింది. మొదటి క్లిప్పులో తెర నిండా మొగుడి బొటనవేలు కనిపించింది, గుడ్డముక్క అంటిస్తూ. ఆ వేలే మీటకు తగిలింది. అక్కడినుంచి అంతా తలకిందులు. ఆమె “యాక్షన్” అన్నప్పుడల్లా కెమెరా ఆగిపోయింది, “కట్” అన్నప్పుడల్లా నడిచింది. పన్నెండు టేకుల్లో ఒక్కటి కూడా ఎక్కలేదు. ఎక్కిందంతా ఆమె తిట్లూ, మొగుడి ఆవలింతలూ.

పక్కన నిలబడ్డ మొగుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అతన్ని తిట్టే ఓపిక కూడా ఆమెకు లేదు. వసారాలో మిషనుకు పట్టిన దుమ్ము తుడుస్తున్న నాన్న అలికిడి వింటూ, క్లిప్పులు ఒక్కొక్కటే తెరుస్తూ పోయింది.

తొమ్మిదో టేకు తర్వాతది. తామిద్దరూ మేస్త్రి దగ్గరికి వెళ్ళిన సమయం. కొట్టులో నాన్న ఒక్కడే ఉన్నాడు. బల్లను ఈ చివరినుంచి ఆ చివరిదాకా అరచేత్తో తడిమాడు. మిషను చక్రాన్ని మెల్లగా అర చుట్టు తిప్పి, దాని మీద చెయ్యి ఉంచి, “ఇక వెళ్దాం పద” అన్నాడు. ఆ గొంతు వినగానే ఆమె చేతులు ఆగిపోయాయి. ఆమె రాసుకున్నది అదే, అచ్చం అలాగే. కాదు, ఆమె రాసుకున్నదానికంటే బాగుంది.

క్లిప్పు ఇంకా నడుస్తోంది. తెర మీద నాన్న కళ్ళు తుడుచుకున్నాడు, గుమ్మం బయట గునపాల వైపు ఒకసారి చూశాడు, మిషను మీదికి వంగి గుసగుసగా అన్నాడు:

“భయపడకు, ఈసారి కూడా తప్పే చెబుతాను.”