ముందు ఆ గొడుగు పక్కన పెట్టు

చెట్టు వచ్చి వ్యాను మీద పడింది. రంపం మాస్టారు స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇరుక్కుపోయాడు. ఎడమకాలు ఉందో లేదో ఆయనకే తెలియడం లేదు. పగిలిన అద్దం నిండా తడి ఆకులు. వాన చప్పుడూ, భార్య గొంతూ తప్ప బయట ఏముందో తెలిసే దారి లేదు.

గాలివానకు కూలిన చెట్లను మోటారు రంపంతో ఎలా కొయ్యాలో పనివాళ్ళందరికీ నేర్పేది ఈయనే. ఆ చెట్టుకు గురువన్న మర్యాద కూడా లేకపోయింది. దారికి అడ్డంగా ఉన్న కొమ్మను లాగేయడానికి అప్పుడే దిగబట్టి భార్య బతికిపోయింది.

“ఏవండీ, భయపడకండి. మీ రంపం తీశాను. నేనే కోసేస్తాను.”

బెండకాయలు తరిగినా వేలు తెగ్గోసుకునే మనిషి ఆవిడ.

“వద్దే తల్లీ! కాళ్ళకేం వేసుకున్నావు?”

“చెప్పులు.”

“వానలో చెప్పులతో రంపం పడతావా? సర్రున జారతావు! ముందు కాళ్ళ కింద ఆకులన్నీ తోసెయ్. గట్టినేల తగిలాక నిలబడు.”

ఆవిడ తోస్తున్నట్టుంది. చాలాసేపు పట్టింది. మాస్టారికి వణుకు తగ్గి, హాయిగా అనిపించసాగింది. కళ్ళు మూతలు పడ్డాయి.

“ఏవండీ! రంపం ఒళ్ళో పెట్టుకుని స్టార్టింగు తాడు లాగనా?”

కళ్ళు ఠక్కున తెరుచుకున్నాయి. “ఒళ్ళోనా! నీకేమైనా పిచ్చా? నేల మీద పెట్టు. చైన్ బ్రేకు వెయ్యి. వెనక పిడిని కాలితో తొక్కిపట్టి, అప్పుడు లాగు. పిడి తుడిచావా?”

“తుడిస్తే మళ్ళీ తడిసిపోతోంది. ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో కోస్తాలెండి.”

“గొడుగా!” ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన ఇలాంటి మాట వినలేదు. “ముందు ఆ గొడుగు పక్కన పెట్టు! రంపానికి రెండు చేతులూ కావాలి!”

“తల తడుస్తుందండీ.”

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. దిగి లాక్కుందామంటే కదలడానికి లేదు. ఆవిడ జారి పడినా ఇక్కడే కూర్చుని వినాలి, అంతే. ఏడుపొచ్చింది.

“నీకు దణ్ణం పెడతాను, కొయ్యకు. నువ్వు కాలు కోసుకుంటే పట్టుకునే దిక్కు కూడా లేదు. నన్నిలా వదిలెయ్, కాస్త కునుకు తీస్తాను.”

“సరే, మీరు పడుకోండి. నేను మొద్దును కిందనుంచి కోస్తుంటాను.”

“కిందనుంచా! రెండు వైపులా ఆనుకుని ఉన్న మొద్దును ముందు పైన కొయ్యాలి, తర్వాతే కింద! పెళ్ళయినప్పటి నుంచీ చెబుతున్నాను, ఒక్క ముక్కయినా చెవికెక్కిందా?”

సైరన్ వినిపించేదాకా తిడుతూనే ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది.

ఫైర్‌మన్ అద్దం మీది ఆకులు లాగేసి లోపలికి తొంగిచూశాడు. మాస్టారు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“నా సంగతి తర్వాత బాబూ. ముందు మా ఆవిడ చేతిలో రంపం లాక్కోండి!”

ఫైర్‌మన్ వెనక్కి తిరిగి చూశాడు.

వ్యాను వెనక భాగంతో పాటు మొద్దు కింద నుజ్జునుజ్జయిపోయిన రంపం పక్కన, ఒక చేత్తో గొడుగూ, రెండో చేత్తో “ఎలాగైనా ఆయన్ని నిద్రపోనివ్వకండమ్మా” అని అంబులెన్సు వాళ్ళు ఇంకా చెబుతూనే ఉన్న ఫోనూ పట్టుకుని, వణుకుతూ నిలబడి ఉందావిడ.