అన్నిటికన్నా పాత బాణీ

పక్కింటి బుల్లమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏటి వదినా, మీ ఇంట్లో పిల్లి తోక మీద ఎవరైనా పీటేసినారా?"

పిల్లీ లేదు, పీటా లేదు. ముందుగదిలో కమలాకుమారి మొగుడు ధర్మలింగం సంగీత సాధన చేస్తున్నాడు.

వాయిద్యం చీనాది. పేరు పీపా. నూనె వర్తకుడింట్లో పీపా ఉండటం వింత కాదు గాని, ఇది నిలువునా కోసిన బొప్పాయిలా ఉండి, నాలుగు తీగలు కట్టుకుని అరుస్తుంది. రంగూన్‌లో చీనా గురువు దగ్గర నేర్చానని ధర్మలింగం పెళ్లినాటి నుంచీ చెబుతున్నాడు. చెప్పుకుంటే పోయేదేముంది? కానీ బరంపురం కొత్త ఒరిస్సాలో కలిసిన ఏడాది, వాసవీ జయంతికి ఒరియా డిప్టీ కలెక్టరుగారిని పిలిచిన వర్తకులు "మన ధర్మలింగం కచేరీ" అని నోటీసులు పంచేశారు. గంజాం నుంచి కమలాకుమారి అన్నదమ్ములు కూడా వస్తామని కబురంపారు.

ఈ చప్పుడు వాళ్ల చెవిన పడితే ఇక ఆవిడ పుట్టింటి గడప తొక్కినట్టే!

"కచేరీ మానీయండి," అంది.

"మాటిచ్చీసినాను గదే. పదిమందిలో పరువేటవుతాది?"

సైకిలు మీద పట్టుబట్టలమ్మే చీనా లిమ్‌ని ఆవిడ దొడ్డిగుమ్మం దగ్గర ఆపి, మెల్లగా నాలుగు ముక్కలు చెప్పింది. లిమ్ ఆవిడ్ని ఎగాదిగా చూశాడు. నవ్వు ఆపుకుంటూ తలూపాడు.

మర్నాడు ముందుగదిలో కూర్చుని విన్నాడు. రంగూన్‌లో మన కూలీల దగ్గర నేర్చిన తెలుగు అతనిది.

"తప్పు బాబూ. నిలబెట్టి వాయించడం ఇప్పటోళ్ల పద్ధతి. పాత బాణీలో ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టాల."

ధర్మలింగం పడుకోబెట్టాడు. అరుపు మూలుగైంది.

"ఇనప తీగలేటి? పట్టుదారం కట్టాల."

బరంపురంలో పట్టుకేం కరువు? సాయంత్రానికి కట్టించాడు. మూలుగు గొణుగుడైంది.

"ఇంతకన్నా పాతది లేదేటి?" అన్నాడు ధర్మలింగం ఆశగా.

తలుపు చాటు నుంచి కమలాకుమారి లిమ్‌కి కనుసైగ చేసింది.

"ఉంది బాబూ. అన్నిటికన్నా పాతది. ఒళ్లో పెట్టుకుని, ముట్టుకోకుండా కూకోడమే. ఇనగలిగినోళ్లకి ఇనపడతాది."

జయంతినాడు సత్రం కిక్కిరిసింది. ధర్మలింగం పీపాని ఒళ్లో పడుకోబెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎవరికీ ఏమీ వినపడలేదు. వినపడలేదని చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేదు. డిప్టీగారు తొడ మీద తాళం వేసి, చివర "భలో, భలో!" అన్నారు. గంజాం పెద్దన్నయ్య ఉత్తరీయంతో కళ్లొత్తుకున్నాడు.

"రెండో పాట బాగుంది వదినా," అంది బుల్లమ్మ.

సత్రం వాకిట్లో కమలాకుమారి లిమ్‌కి రెండు చేతులా దణ్ణం పెట్టింది. "బతికించినావు నాయనా. ఆయనకి అనుమానం రాలేదు గదా?"

లిమ్ సైకిలెక్కుతూ అన్నాడు. "అనుమానమేటమ్మా, 'నాకు పీపా వాయించడం రాదని మా ఇంటిదానికి తెలీకుండా ఎలాగో గట్టెక్కించు' అని బాబు మీకన్నా ముందే నా చేతులట్టుకున్నారు!"