మేస్త్రీ చెవి

మోటారు బాగుచేయడానికి నాకు మీటర్లు అక్కర్లేదు, చెవి పెడితే చాలు. నా చెవికి అందలేదంటే ఆ శబ్దం లేనట్టే. అందుకే, ఫ్యాను కీచుమంటోందని మా ఆవిడ ఏడాదిగా పోరుతుంటే, రోగం ఫ్యానుకు కాదు, ఆమె చెవికేనని తేల్చి పరీక్షకు తీసుకెళ్ళాను.

“నాకు భయంగా ఉంది, ముందు మీరు కూర్చోండి,” అంది.

ధైర్యం చెప్పాలిగా. అద్దాల గదిలో కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కాను. కాసేపటికి కూతలు ఆగిపోయాయి. జాలేసి తలుపు తీశాను.

“మీ మిషన్ ఆగిపోయిందమ్మా. స్క్రూడ్రైవర్ ఉంటే ఇవ్వు, చూసిపెడతాను.”

“అది మోగుతూనే ఉందండీ,” అంది పరీక్ష చేసే అమ్మాయి, నెమ్మదిగా.

బయటికొచ్చేసరికి మా ఆవిడ చెప్పులేసుకుని నిలబడి ఉంది. చేతిలో చీటీ. దాని మీద నా పేరు.

“మరి నీ పరీక్షో?” అన్నాను.

“నాకెందుకూ? మీకే అని చెబితే వచ్చేవారా?” అంది.

ఆ మాట కూడా రెండోసారి చెబితేగాని నాకు వినపడలేదు.