ఎనిమిదింటి మాత్ర

వరమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చి మొగుడు జాకబ్‌ను బతికించుకుంది. ఆపై పట్నం ఆసుపత్రివాళ్లు మూడు వారాలు, కిడ్నీ నిలవడానికి రోజూ వేసుకోవాల్సిన మాత్రలు పంపలేదు. ఆయన శరీరం ఆ కిడ్నీని తిప్పికొట్టింది. ఆయన్ను కాఫీతోట పక్కన పాతిపెట్టి నెలైంది.

అయినా రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆసుపత్రి నుంచి రికార్డు గొంతుతో ఫోను వస్తూనే ఉంది: “మాత్రలు వేసుకుంటే ఒకటి నొక్కండి.”

ఆ రాత్రి వరమ్మకు ఒళ్లు మండిపోయింది. “మాత్రలాపీసినోల్లు ఫోనెందుకాపరు? మీ నోట్లో మన్నెయ్య!” అంటూ ఫోనును గోడకేసి కొట్టింది. అది ముక్కలైంది.

కీచురాళ్లు కూడా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, వంటింటి కుండలో గ్లాసు మునిగిన చప్పుడైంది. రోజూ ఆ వేళకు మాత్ర కోసం జాకబ్ నీళ్లు ముంచుకుని కూర్చునేవాడు.

“వరమ్మా,” చీకట్లోంచి జాకబ్ గొంతే పిలిచింది. “ఎనిమిదైపోనాది. మాత్రలొచ్చినాయేటే?”