కారు వెనక కొమ్మలు

కారు సరిగ్గా మలుపులోనే ఆగిపోయింది.

పొద్దున ఏడవుతున్నా పొగమంచు విడవలేదు. పది అడుగుల అవతల రోడ్డుందో లేదో కూడా తెలియడం లేదు.

విద్యాధర్ తాళంచెవి నాలుగుసార్లు తిప్పాడు. ఇంజను కిక్కురుమనలేదు. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు లైట్లు కూడా వెలగలేదు. పక్కకు తోద్దామంటే రోడ్డంచునే కాలువ.

వెనక సీట్లో తల్లి సరళాదేవి కాలు చాపుకుని పడుకుని ఉంది. తుంటి ఆపరేషన్ అయి పన్నెండు రోజులు. కుట్లు విప్పించడానికి ఖానాపూర్ నుంచి మంచిర్యాలకు తీసుకుపోతున్నాడు. ఇద్దరు పట్టుకుంటే తప్ప ఆమె కారు దిగలేదు.

టోయింగ్ వాళ్లకు ఫోన్ చేశాడు.

"బయల్దేరినం సార్. ఇరవై నిమిషాలల్ల మీ ముంగట ఉంటం."

ఆ ఇరవై నిమిషాలు ఏ గడియారంలోవో ఆ దేవుడికే తెలియాలి. అరగంట తర్వాత చేసినా అవే ఇరవై నిమిషాలు!

కారు వెనక ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. విద్యాధర్ దిగి చూశాడు.

అరవై ఏళ్ల మనిషి. మాసిన స్వెట్టర్, తలకు ఎర్ర మఫ్లర్. వేపకొమ్మలు ఈడ్చుకొచ్చి రోడ్డు మీద వేస్తున్నాడు. అప్పటికే నాలుగైదు పెద్ద రాళ్లు కూడా పెట్టాడు.

"ఏయ్, ఏం చేస్తున్నవయ్యా?"

"అడ్డం పెడుతున్న సార్. మంచుల లారీలోళ్లకు కారు కనవడది. కొమ్మలు సూస్తే జర దూరంకెళ్లే తిప్పుకుంటరు."

"నిన్నెవరు పెట్టమన్నరు?"

"ఒకలు చెప్పాల్నా సార్? గీ పక్కనే నా చాయ్ డబ్బా. నా పేరు రాజలింగు."

విద్యాధర్‌కు నమ్మకం కుదరలేదు. రోడ్ల మీద ఇలాంటివాళ్ల గురించి ఎన్ని వినలేదు! ముందు సాయమంటారు, తర్వాత చూస్తే మెడలో గొలుసు మాయం.

రాజలింగు అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు.

"అయ్యో, లోపట అమ్మ ఉన్నదా! ముందుగాల ఆమెను దించుదాం సార్. నా కాడ నులకమంచం ఉన్నది. ఇద్దరం మెల్లగ పడితే ఐదు నిమిషాల పని."

"ఏం అవసరం లేదు. బండి వస్తున్నది."

"రాదు సార్. వాళ్ల మాట నమ్మకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"బిడ్డా, ఆయన చెప్పేది ఇనరాదూ," అంది సరళాదేవి.

"నువ్వు ఊకో అమ్మా. తుంటి కదిలితే కథ మళ్లా మొదటికొస్తది."

అంతలో ఫోన్ మోగింది. టోయింగ్ అతనే.

"దగ్గరికొచ్చినం సార్. కారు ఎనక ఏం లేకుండ జాగ ఖాళీ ఉంచుండ్రి. బండి అటుకెళ్లే పెట్టాలె."

విద్యాధర్ కొమ్మలు లాగి కాలువలో పడేశాడు. రాళ్లను కాలితో పొర్లించాడు.

"తియ్యకుండ్రి సార్! బండి కండ్లవడ్డంక నేనే తీస్త!"

"పోతవా, పోలీసులకు ఫోన్ చెయ్యాల్నా?"

రాజలింగు తలకున్న మఫ్లర్ విప్పి చేత పట్టుకుని, వాహనాలు వచ్చే దిక్కుకు నడిచాడు. కాసేపటికే మంచులో కనిపించకుండా పోయాడు.

పీడ విరగడైందనుకున్నాడు విద్యాధర్.

బండి రాలేదు. పావుగంట గడిచింది.

ఉన్నట్టుండి మంచులోంచి కేక.

"ఆపురో! ఆపు! కారున్నది! లోపట మనిషున్నది!"

ఆ వెంటే హారన్, బ్రేకుల చప్పుడు. వడ్ల లారీ ఒకటి ఊగుతూ వచ్చి, జానెడు దూరంలో కారును తప్పించుకుని అవతలి పొలంలోకి దిగి ఆగింది.

విద్యాధర్ పైప్రాణాలు పైనే పోయాయి. తలుపు తీసి తల్లిని గట్టిగా పట్టుకున్నాడు. ఆమెకు గీత కూడా పడలేదు.

"నాకేం కాలే బిడ్డా. ఆ కేకేసినాయనను సూడు పో!"

పరుగెత్తాడు. రాజలింగు రోడ్డు నడుమ పడి ఉన్నాడు. లారీ పక్కకు తిరిగినప్పుడు దాని వెనక భాగం అతన్ని కొట్టింది.

"అమ్మను... దించిండ్రా సార్?"

అదే ఆఖరి మాట. అంబులెన్స్ వచ్చింది కానీ, వాళ్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది.

కొమ్మలు తీసేసింది తన చేతులే. విద్యాధర్ నడిరోడ్డు మీద చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

టోయింగ్ బండి తొమ్మిదిన్నరకు వచ్చింది. "జర లేటయింది సార్," అంటూ దిగిన డ్రైవర్ సంపత్, గుడ్డ కప్పబోతున్న ఆ ముఖం చూసి కూలబడిపోయాడు.

"రాజలింగు మామా!"

"నీకు తెలుసా? నేనీయనను దొంగనుకున్న. పోలీసులను పిలుస్తనన్న. ఎవరీయన?"

సంపత్ తలెత్తలేదు.

"మూడేండ్ల కింద గిదే మలుపుల, గిసొంటి మంచుల్నే ఒక లారీ ఆగింది సార్. డ్రైవర్ నాకే ఫోన్ చేసిండు. ఇరవై నిమిషాలన్న. ఎనక ఏం పెట్టకు, జాగ ఖాళీ ఉంచు అని గూడ నేనే చెప్పిన. గాయన నా మాట నమ్మిండు. నేను పోయేసరికి పగటీలి పన్నెండయింది. గా నడుమల్నే ఒక పిలగాడు మోటార్‌సైకిల్ మీదొచ్చి ఆ లారీకి గుద్దుకొని పాణం ఇడిసిండు."

"ఆ పిల్లవాడు... రాజలింగు కొడుకా?"

"కొడుకే సార్, శ్రావణ్. లారీ కాడ బాపు ఆకలితోని ఉన్నడని సద్ది పట్టుకొస్తుండె. ఆ లారీ డ్రైవర్ రాజలింగు మామనే."